ధనుర్మాసంలో తోపుడు కారు

మొన్న జనవరిలో దోహాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. ఐన్ ఖాలిద్‌లో ఇల్లు. పొద్దున్నే మా అల్లుడు వంటింటి గట్టు దగ్గర నిలబడి కాఫీ తాగుతూ చేతిలోని ఫోన్ మీద ఏదో నొక్కాడు. బయట కారు దానంతట అదే స్టార్టయింది. లోపల మనిషి లేడు, తాళం తిప్పింది లేదు. "సీటు కూడా వేడెక్కుతుంది అత్తయ్యా, మీరు వచ్చి కూర్చునేసరికి వెచ్చగా ఉంటుంది" అన్నాడు. మా ఆయన కిటికీలోంచి దాని వంక చూసి చూసి, "మన ముసల్దానికి ఇలాంటిదొకటి ఉండుంటే ఎంత బాగుండేదోయ్" అన్నారు నాతో. నాకు ఒళ్ళు మండింది. "ఆ ముసల్దాని ఊసు మీరెత్తకండి" అని లేచి గదిలోకి వచ్చేశాను. అల్లుడు బిక్కమొహం వేశాడు. పాపం, అతనికేం తెలుసు? ఆ ముసల్ది నా సవతి కాదు, మా పాత కారు. దాని పేరెత్తితే నాకు ఇప్పటికీ కోపం ముందొస్తుంది, దాని వెనకాలే సిగ్గొస్తుంది. కోపం ఆయన మీద. సిగ్గు మాత్రం నాదే.

తొంభైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, ఇదే దోహాలో, ఉమ్ ఘువైలినా పేటలో ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక సూడాన్ ఆయన దగ్గర కొన్నారు ఆ కారు. ఒకప్పుడు తెలుపు. మేం కొనేనాటికి పాత పంచె రంగులోకి దిగింది. ఎండాకాలమంతా ఎంత బుద్ధిగా నడిచేదో! ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండల్లో ఒక్కసారి తాళం తిప్పితే చాలు, గుర్రుమనేది. చలి వచ్చిందా, ఇక చూసుకోండి. గల్ఫ్ అంటే ఎండలే అనుకునే మావైపు వాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ, డిసెంబర్ దాటాక అక్కడ తెల్లవారుజామున వీచే గాలికి చెవులు తెగిపోతాయి. కారు అద్దాల మీద నీళ్ళు ధారలు కట్టి ఉండేవి. ఇక ముసల్దానికి రోగం తిరగబెట్టేది. సెల్ఫ్ కొడితే కిర్రు కిర్రు కిర్రు మని మూలిగి, కిర్... అని ఆగిపోయేది. చోక్ లాగితే పెట్రోలు కంపు. ఎక్కువ లాగితే ఇంజను తడిసి ముద్దయ్యేది.

దానికి జరిగే సేవలు నాకు జరగలేదు. రాత్రి పడుకోబోయే ముందు ఆయన పాత రగ్గొకటి తీసుకెళ్ళి బానెట్ మీద కప్పి వచ్చేవారు. పొద్దున్నే నేను స్నానానికి కాచుకున్న నీళ్ళలోంచి ఒక చెంబు తీసి ఇంజను మీద గుడ్డ వేసి పోసేవారు. "నాకు జ్వరం వస్తే కూడా ఇంత చెయ్యరు కదండీ" అంటే, "నువ్వు ఎలాగూ లేస్తావు, అది లేవదు" అనేవారు. కొత్త బ్యాటరీ వేయించారు, ప్లగ్గులు మార్పించారు, మెకానిక్కులు మారారు. ఏం చేసినా చలి పొద్దుల్లో దాన్ని లేపే మార్గం ఒక్కటే. తాళం తిప్పి, సెకండ్ గేర్‌లో పెట్టి, క్లచ్ తొక్కి పట్టుకుంటే ఎవరైనా వెనకనుంచి తోయాలి. వేగం అందుకోగానే క్లచ్ వదలాలి. ఎద్దులా ఒక్క కుదుపు కుదిపి, నల్లటి పొగ వదిలి, అప్పుడు లేచేది. దోహా పళ్ళెంలా చదునైన ఊరు. వాలులో వదిలేద్దామంటే ఒక్క వాలు లేదు. డ్యూటీకి వెళ్ళే వేళకయితే వీధిలో జనం ఉంటారు, ఎవరో ఒకరు చెయ్యి వేస్తారు. చిక్కంతా ధనుర్మాసంలో వచ్చింది.

మా తెలుగువాళ్ళలో ఆచార్యులు గారని ఒకాయన ఉండేవారు. ఉద్యోగం ఏదో స్టోర్స్‌లో, మనిషి మాత్రం మహా నిష్ఠాపరుడు. ధనుర్మాసం నెలా తెల్లవారకముందే వాళ్ళ ఫ్లాట్‌లో పూజ. పదీ పదిహేను కుటుంబాలు చేరేవాళ్ళం. చెప్పుల జతలు బయట కనపడకూడదని గోనెసంచిలో వేసి లోపల పెట్టేవాళ్ళు. గంట మోగించేవాళ్ళు కాదు, పళ్ళెం మీద చెంచాతో మెల్లగా కొట్టేవాళ్ళు. కిటికీలు మూసి, గొంతులు దించి చదువుకుని, ఆ వేడి వేడి మిరియాల పొంగలి దొన్నెల్లో తిని, ఎవరి డ్యూటీలకు వాళ్ళు పరిగెత్తేవాళ్ళం. నేతిలో వేగిన జీడిపప్పు వాసన, అగరొత్తుల వాసన, మూసిన కిటికీల మధ్య ఊపిరాడని వెచ్చదనం. నాకు ఆ దేశంలో పుట్టిల్లు లాంటి చోటు అదొక్కటే. "ఎక్కడికి వెళ్తున్నామో ఎవరికీ చెప్పకండమ్మా" అని ఆచార్యులు గారు రోజూ హెచ్చరించేవారు. ఇళ్ళల్లో పూజ చేసుకుంటే ఎవరైనా ఏమైనా అన్నారా అంటే, ఎవరూ ఏమీ అనలేదు. అసలు అంటారో అనరో కూడా మేం కనుక్కోలేదు. మా భయం మేమే పెంచుకున్నాం. ఆ ఏడు మొదటి రోజు పొంగలి వంతు నాది. ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కారు వెనక సీట్లో కూర్చున్నాను. పట్టుచీర, తల్లో పువ్వుల్లేవు గానీ కాళ్ళకు పసుపు. ముసల్ది అలవాటు ప్రకారం కిర్రు కిర్రుమని ఊరుకుంది.

మా వీధి మొదట్లో చిన్న మసీదు. అప్పుడే తెల్లవారుజాము నమాజు అయి జనం బయటికి వస్తున్నారు. వాళ్ళలో ముందున్నాయన అబూ సాద్. మా పక్క ఇంటి పెద్దాయన, ఆ దేశం మనిషే, ఖతరీ. చలికాలం కాబట్టి తెల్ల అంగరఖాకు బదులు ముదురు గోధుమరంగు ఉన్నిది వేసుకుని, తలగుడ్డ మెడ చుట్టూ బిగించుకుని వస్తున్నారు. మా ఆయన దిగి బానెట్ ఎత్తి నిలబడ్డారు. అబూ సాద్ దగ్గరికి వచ్చి, "వెన్?" అని అడిగారు. ఎక్కడికి, అని. అంతే, వాళ్ళల్లో వాళ్ళు అడిగినట్టే మామూలుగా అడిగారు. మా ఆయన ఒకసారి నా ఒళ్ళో గిన్నె వంక చూశారు. ఒకసారి పెద్దాయన గడ్డం వంక చూశారు. "ముస్తష్ఫా" అనేశారు. ఆస్పత్రి! అది చాలనట్టు నా వైపు వేలు చూపించి, "మదామ్ మరీద్, రోజూ ఇంజెక్షన్" అన్నారు. నాకు జబ్బు! పైగా రోజూ అట! అబద్ధం చెప్పేవాళ్ళు ఒక్క రోజుకు సరిపడా చెప్పుకోవాలా వద్దా? నెలకంతటికీ కలిపి ఒకేసారి చెప్పేశారు.

ఆ పెద్దాయన మొహం మారిపోయింది. "సలామత్, సలామత్" అని దీవిస్తూ వెనక్కి తిరిగి కేకేశారు. ఇంటికి పోతున్న వాళ్ళంతా తిరిగి వచ్చారు. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు, ఒక పాకిస్తానీ టైలరు, ఇంకెవరెవరో. అబూ సాద్ తన పెద్ద చేతిని నా తలకి సరిగ్గా వెనకున్న అద్దానికి ఆనించి, "యల్లా!" అన్నారు. తోశారు. డెబ్భై ఏళ్ళ మనిషి ఊపిరి ఆ అద్దం మీద పొగలా కమ్ముకోవడం నేను తల తిప్పి చూశాను. కారు కుదిపింది, పొగ వదిలింది, లేచింది. వెనకనుంచి అందరూ నాకోసం దేవుణ్ణి తలుచుకుంటున్న మాటలు వినపడుతూనే ఉన్నాయి. వీధి మలుపు తిరగ్గానే నేను అందుకున్నాను.

"నాకేం రోగమండీ? పొద్దున్నే, పూజకి పోతూ, అవేం మాటలు? పైన తథాస్తు దేవతలుంటారని కూడా లేదా మీకు?"

"నోటికొచ్చింది అనేశాను. ఏం చెప్పమంటావు మరి?"

"మీకు రోగమని చెప్పుకోవచ్చుగా!"

"నేను కారు నడుపుతుంటే నాకు రోగమంటే నమ్ముతారుటే?"

ఆచార్యులు గారింట్లో ఈ కథ చెబితే అందరూ పడీ పడీ నవ్వారు. "భలే తట్టిందండీ మీకు, రేపట్నుంచి మేమూ అదే చెప్తాం" అని ఒకాయన. మా ఆయన మొహం వెలిగిపోయింది. నేనూ నవ్వాననే గుర్తు. పొంగలి మెచ్చుకున్నారు, ఉప్పు సరిపోయిందన్నారు. ఆ రోజుకి అది వేళాకోళంగానే ఉంది నాకు.

మర్నాడు మేం దిగేసరికి కారు దగ్గర మనుషులున్నారు. నమాజు కాగానే నేరుగా అక్కడికే వచ్చి నిలబడ్డారు. స్టార్టవుతుందో లేదో చూద్దామని కూడా లేదు, తోయడానికి సిద్ధంగా ఉన్నారు. అబూ సాద్ మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, నా వైపు కళ్ళెత్తి చూడకుండా, ఎలా ఉందని అడిగారు. మా ఆయన, "షువయ్యా, షువయ్యా" అన్నారు. కొంచెం, కొంచెం అని. ఏం కొంచెమో ఆ దేవుడికే తెలియాలి. ఆ తర్వాత రోజూ ఇదే తంతు. ఇక నేను రోగిష్టి వేషం కట్టక తప్పలేదు. పట్టుచీర కనపడకుండా మెడ దాకా శాలువా కప్పుకునేదాన్ని. బొట్టు చెరిపి, అక్కడికి వెళ్ళాక పెట్టుకునేదాన్ని. మెట్లు దిగేటప్పుడు గబగబా దిగే అలవాటు నాకు. ఆ నెలంతా గోడ పట్టుకుని దిగాను. ఒకసారి నిజంగానే కాలు జారితే, వాళ్ళలో ఒకాయన "యా అల్లా" అని పరిగెత్తుకొచ్చాడు. అతని కళ్ళల్లో కంగారు చూశాక నాకు మొదటిసారి భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మగవాళ్ళకి తెలిసిన విషయం ఇంట్లో ఆడవాళ్ళకి చేరకుండా ఉంటుందా? అబూ సాద్ వాళ్ళింట్లో పనిచేసే ఖాసింబీ ఒకరోజు మధ్యాహ్నం మా తలుపు తట్టింది. నిజామాబాద్ వైపు మనిషి. అరబ్బీ గలగలా మాట్లాడేది. ఊళ్ళో తన తమ్ముళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా మా అక్క దుబాయ్‌లో ఉందనే చెప్పుకుంటారని నవ్వేది. ఆ రోజు చేతిలో ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, ఒక సీసా నీళ్ళు.

"మా బడీ అమ్మ పంపింది. ఇది అల్లం, కుంకుమపువ్వు ఏసిన పాలు. గిది జంజం నీళ్ళు, మక్కా నుంచి తెచ్చినయి. తాగితే తగ్గుతదట. అవునమ్మా, ఏం బీమారి మీకు? అడిగి రమ్మన్నది."

"ఏదో... రక్తం తక్కువ" అన్నాను. అలా ఆయన అబద్ధానికి నేనూ ఒక ముడి వేశాను. ఖాసింబీ నన్ను కింద నుంచి మీదికి చూసింది. వంటింట్లో ఆరబెట్టిన ఇత్తడి గిన్నెను చూసింది. మూలన పూజ పళ్ళేన్ని చూసింది.

"రక్తం తక్కువైతే దవఖానకు గంత పెద్ద గిన్నె ఎందుకు కొంటవోతున్నరో?" అంది. అది కిసుక్కున నవ్వి, "నాకెందుకమ్మా, నేనేం చెప్ప" అని వెళ్ళిపోయింది.

చెప్పకపోవడమేమిటి, తర్వాత తెలిసింది, బోలెడు చెప్పింది. ఇంటావిడ ఉమ్ సాద్ రోజూ నా సంగతి అడిగేదట. ఏదో ఒకటి చెప్పకపోతే ఊరుకోదు కనక ఖాసింబీ తనకు తోచిన లక్షణాలన్నీ నాకు అంటగట్టింది. ఒకరోజు కళ్ళు తిరిగాయని, ఒకరోజు అన్నం సహించలేదని, ఒకరోజు తల్లి గుర్తొచ్చి ఏడ్చిందని. చివరిది మాత్రం నిజమే, ఎలా కనిపెట్టిందో మరి. ఉమ్ సాద్ దానికి తగ్గట్టు పంపుతూనే ఉండేది. నల్ల జీలకర్ర, తేనె, మెత్తటి రొట్టెలు. ఒకరోజు ఆవిడే స్వయంగా వచ్చింది. నల్లటి ముసుగులో, మొహానికి అక్కడి పాతతరం ఆడవాళ్ళ తోలు తొడుగు పెట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. నా పక్కన కూర్చుని నా చెంప మీద చెయ్యి పెట్టి, కింది కనురెప్ప లాగి రంగు చూసింది. చేతులకు గోరింటాకు, సాంబ్రాణి వాసన. ఏవేవో చదివి నా మీద మెల్లగా ఊదింది. మా అమ్మ దిష్టి తీసేటప్పుడు సరిగ్గా అలాగే పెదవులు కదిపేది. భాష రాకపోయినా నాకు అంతా అర్థమైంది. ఆ క్షణంలో చెప్పెయ్యాలనుకున్నాను. "అల్ హమ్దులిల్లా", దేవుడి దయ, బాగున్నాను, అని మాత్రం అన్నాను. నాకు వచ్చిన ముక్క అదొక్కటే.

ఆ రాత్రి ఆయనతో గట్టిగా పోట్లాడాను. "మసీదులో నాకోసం ప్రార్థన చేస్తున్నారటండీ. అంతమంది! నాకు నిద్ర పట్టట్లేదు. రేపు నిజం చెప్పండి, చెప్పకపోతే నేను పూజకి రాను."

"ఇన్నాళ్ళయ్యాక చెబితే ఏమనుకుంటారు? మొదటిరోజు అయితే వేరే సంగతి. ఇంకెంత, భోగి దాకానే కదా. నయమైందని చెప్పేద్దాం, గొడవ వదిలిపోతుంది."

ఆయన లెక్క బాగానే ఉంది. నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాను కాబట్టే సిగ్గు నాది అంటున్నాను. పూజలో కూర్చుంటే కళ్ళు మూసుకోగానే దేవుడి బదులు ఆ అద్దం మీద పెద్ద చెయ్యి కనిపించేది. అక్కడ చదివేదేదీ చెవికెక్కేది కాదు. చుట్టూ ఆడవాళ్ళు, "ఏమ్మా పేషెంటూ, ఎలా ఉంది ఒంట్లో?" అని నవ్వేవాళ్ళు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత వాళ్ళను కొట్టాలనిపించేది.

భోగి నాడు దేవుడి కల్యాణంతో ఆ నెల పూజలు ముగిశాయి. ఇంటికి తిరిగి వచ్చాక మా ఆయన వెళ్ళి అబూ సాద్‌కి చెప్పారు. డాక్టరు ఇక ఇంజెక్షన్లు వద్దన్నాడని, పూర్తిగా నయమైందని. ఆ పెద్దాయన వీధి మధ్యలో రెండు చేతులూ పైకెత్తి, తర్వాత మా ఆయన్ని దగ్గరికి లాక్కుని బుగ్గలకు బుగ్గలానించారట. మా ఆయన మేడెక్కి వచ్చి, "హమ్మయ్య, అయిపోయింది" అన్నారు గానీ ఆయన మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

అయిపోలేదు. ఆ వచ్చిన శుక్రవారం మధ్యాహ్నం ఖాసింబీ మోయలేక మోయలేక ఒక పెద్ద పళ్ళెం తెచ్చింది. కిస్‌మిస్‌లు, బాదంపప్పులు వేసిన పసుపుపచ్చటి అన్నం.

"మాంసం కూర లేదమ్మా దీంట్ల. మీరు తినరని మీకు వేరే గిన్నెల వండిచ్చింది. గరిటె గూడ కొత్తది వాడినం."

"దేనికి ఇదంతా?"

"మొక్కు తీర్చిండ్రు గద! మీకు నయమైతే గొర్రెను కోస్తమని మొక్కిండట మా అబూ సాద్ బాబా. పొద్దుగాల కోసిండ్రు. మంచి గొర్రె, ఇంట్ల సాదినది. వీధంత పంచినం, మసీదు కాడ పంచినం. అందరు మీ పేరు చెప్పుకొని తిన్నరు."

నెల్లాళ్ళు నేతి పొంగలి నైవేద్యం పెట్టి, చీమకు కూడా అపకారం చెయ్యనట్టు తిరిగిన మనిషిని నేను. లేని రోగం పోయినందుకు ఒక ప్రాణం తీశారు. తీసింది వాళ్ళు కాదు, మేమే. మా ఆయన ఆ పళ్ళెం వంక చూసి కుర్చీలో కూలబడి తల పట్టుకున్నారు. నేను చెప్పులేసుకుని, "పద, నాతో రా. నేను చెప్పింది చెప్పినట్టు ఆవిడకి అరబ్బీలో చెప్పు" అని ఖాసింబీ చెయ్యి పట్టుకున్నాను.

ఉమ్ సాద్ లోపలి గదిలో కింద పరుపు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేవబోయింది. నేను ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుని ఖాసింబీతో అన్నాను. "నాకు ఏ రోగమూ లేదని చెప్పు. ఎప్పుడూ లేదని చెప్పు. మేం వెళ్ళింది ఆస్పత్రికి కాదు, మా దేవుడి పూజకి. భయపడి అబద్ధం చెప్పాం. క్షమించమని చెప్పు." ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. ఖాసింబీ నా వంక గుడ్లురిమి చూసింది. తర్వాత ఉమ్ సాద్ వైపు తిరిగి అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది. వింటున్నకొద్దీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను లాగి గుండెలకు హత్తుకుంది. నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఎంత పెద్ద మనసు అనుకుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నెలరోజుల బరువు దిగింది.

బయటికి వచ్చాక గుమ్మం దగ్గర ఖాసింబీ నా మీద ఎగిరింది. "మీకేమన్న దిమాగ్ ఉన్నదా అమ్మా? నేను చెప్పలే. ఒక్క ముక్క గూడ చెప్పలే. మీరు దువా ఇయ్యనీకి వచ్చిండ్రని చెప్పిన, వాళ్ళను అమ్మానాయినల లెక్క అనుకుంటున్నరని చెప్పిన. రోజు కళ్ళు తిరుగుతున్నయి, అన్నం తింటలేదు అని నేను గదా చెప్పింది! మీ సిగ్గు మీరు దించుకోని పోతరు, నా నౌకరీ పోతది. ఇంట్ల నలుగురు నా మీదనే బతుకుతున్నరు. నాతోని అయితే గాదు."

దాని తప్పేముంది? మా అబద్ధంలోకి దాన్ని లాగింది మేమే. ఆ అన్నం మేమిద్దరం తిన్నాం. పారెయ్యడానికి చేతులు రాలేదు.

ఆ తర్వాత ధనుర్మాసాలకు నేను ఆచార్యులు గారింటికి వెళ్ళలేదు. ఇంట్లోనే దీపం పెట్టుకునేదాన్ని. ఎందుకు రావట్లేదని అందరూ అడిగితే కారు స్టార్ట్ కావట్లేదని చెప్పేవాళ్ళం. అది మాత్రం నిజమే. ఉమ్ సాద్ ఎప్పుడు కనపడినా నా చెంప మీద చెయ్యి పెట్టి బాగున్నావా అని అడిగేది. ప్రతిసారీ అల్ హమ్దులిల్లా అనేదాన్ని. ప్రతిసారీ ఆ అబద్ధం కొత్తగా చెప్పినట్టే ఉండేది. ఖాసింబీ కొన్నాళ్ళకి ఊరికి వెళ్ళిపోయింది. నాకు కొద్దికొద్దిగా అరబ్బీ పట్టుబడింది. అయినా నోరు విప్పలేదు. ఇప్పుడు కదిలించి ఏం లాభం అనుకునేదాన్ని. నిజం చెప్పడం కష్టమైనవాళ్ళకి ఆ మాట ఎప్పుడూ చేతికి అందుబాటులోనే ఉంటుంది.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక చలికాలం నా మెడ మీద చిన్న గడ్డ కనిపించింది. డాక్టర్లు పరీక్షలన్నారు, పరగడుపున రమ్మన్నారు. అప్పుడూ ధనుర్మాసమే, అప్పుడూ ముసల్దే. తెల్లవారుజామున కార్లో కూర్చున్నాను. తథాస్తు దేవతలు ఆలస్యంగానైనా విన్నారనుకున్నాను. కిర్రు కిర్రు కిర్రు, కిర్. అబూ సాద్‌కి పక్షవాతం వచ్చి మంచాన ఉన్నారు అప్పటికి. మనవడు, ఇంకో ఇద్దరు వచ్చి తోయడానికి నిలబడ్డారు. గుమ్మంలో నిలబడిన ఉమ్ సాద్ నన్ను చూసి మెల్లగా నడిచి వచ్చింది. కిటికీ దగ్గర వంగి, "ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే?" అని అడిగింది.

ఆస్పత్రికి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఈసారి అది నిజం. ఆ మాట మాత్రం నా నోట రాలేదు. మళ్ళీ ఆవిడ మొక్కుకుంటుంది, మళ్ళీ ఇంట్లో పెంచినదేదో... "పూజకి" అనేశాను, నాకొచ్చిన అరబ్బీలో. "మా దేవుడికి. ఈ నెలంతా తెల్లవారుజామున చేసుకుంటాం." మా ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కొయ్యబారిపోయారు.

ఆవిడ కనుబొమలు కూడా కదపలేదు. "మంచిది" అంది. "అయితే అబూ సాద్ కోసం కూడా అడుగు. కాలు కదలట్లేదు పాపం. నాకోసం కూడా అడుగు." నా చెంప తట్టి, పిల్లల వైపు తిరిగి, "యల్లా, తోయండి, వాళ్ళకి ఆలస్యమవుతుంది" అని కేకేసింది.

ఇంతేనా? ఇంతేనా అని నాకు ఏడుపొచ్చింది. కారు కుదిపి లేచింది. మలుపు దగ్గర ఆయన ఆస్పత్రి వైపు తిప్పబోతుంటే, "ముందు ఆచార్యులు గారింటికి పోనివ్వండి" అన్నాను. పరీక్షకి వేళ మించిపోతుందన్నారు. మించిపోనివ్వండి అన్నాను. మేం వెళ్ళేసరికి పూజ మొదలవుతోంది. ఇన్నేళ్ళ తర్వాత, ఖాళీ చేతులతో, పాత నేత చీరలో వచ్చిన నన్ను చూసి అందరూ జరిగి చోటిచ్చారు. ఆచార్యులు గారు సంకల్పం చెప్పుకోవడానికి ఒక్కొక్కరి గోత్రం, పేర్లూ అడుగుతూ నా దాకా వచ్చారు. మా ఇద్దరి పేర్లూ చెప్పకుండా, "అబూ సాద్, ఉమ్ సాద్" అన్నాను. ఆయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూశారు.

"గోత్రం ఏం చెప్పమంటావమ్మా?"

"మాదే చెప్పండి" అన్నాను.